చెట్టు తొర్రలో దొరికిన డబ్బా గురించి, మన హైకింగ్ గ్రూపు వాళ్లందరికీ

అందరికీ నమస్కారం.

కనెక్టికట్ రాష్ట్రంలో హార్ట్‌ఫర్డ్ చుట్టుపక్కల ఊళ్లలో ఉంటూ శనివారం పొద్దున్నే పులిహోర కట్టుకుని ట్రెయిల్స్‌కి బయల్దేరే మన గ్రూపులో నేనూ ఒకదాన్ని. ఎక్కువ మాట్లాడను కాబట్టి మీలో చాలామందికి నా మొహం తెలుసు, పేరు గుర్తుండకపోవచ్చు. ఈ విషయం గ్రూపు చాట్‌లోనే రాద్దామనుకున్నాను గానీ అక్కడ ఇంత పొడుగు మెసేజ్ ఎవరూ చివరిదాకా చదవరు, సాయంత్రానికల్లా బర్త్‌డే విషెస్ కింద పడిపోతుంది. అందుకే ఇలా అందరికీ కనపడేలా రాస్తున్నాను. న్యూజెర్సీలోనో బోస్టన్ దగ్గరో ఇలాంటి గ్రూపుల్లో తిరిగే మనవాళ్లు చదివినా మంచిదే.

పోయిన అక్టోబర్‌లో ఆకుల రంగులు చూడ్డానికి మీరు నలభై మందిదాకా వెళ్లారు కదా, మా అమ్మాయికి జ్వరంగా ఉండి ఆ రోజు మేం రాలేకపోయాం. మొదటి వాగు దాటాక పాత రాళ్ల గోడ దగ్గర టిఫిన్లకి ఆగారు. పిల్లలు అక్కడి పెద్ద ఓక్ చెట్టు చుట్టూ ఆడుతుంటే, మొదట్లో ఉన్న తొర్రకి అడ్డంగా పెట్టిన బెరడు ముక్క జరిగిపోయి లోపల ఆకుపచ్చ మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా బయటపడింది. "ట్రెజర్! ట్రెజర్!" అని ఒకటే అరుపులు. ఎవరో వీడియో తీశారు. మూత లాగడం, జిప్‌లాక్ కవర్ చింపడం, లోపలి చిన్న పుస్తకం చేతులు మారడం, ఒక బాబు చెక్క స్టాంపుని ఇంకులో అద్ది చెల్లెలి చేతి మీద కొట్టడం, అందరూ నవ్వడం, అన్నీ అందులో ఉన్నాయి. ఆ రాత్రికే అది వెనకాల పాటతో రీల్‌గా వచ్చేసింది, పార్కు పేరు, బండ్లు ఎక్కడ ఆపాలో, ఏ చెట్టో, అన్నీ కలిపి. నేను వంటింట్లో నిలబడి చూశాను. చూస్తూ చూస్తూనే గుర్తుపట్టాను. ఆ డబ్బా అక్కడ పెట్టింది నేనే.

మర్నాడు తెల్లారీ తెల్లారకముందే వెళ్లాను. రాత్రంతా వాన. డబ్బా తొర్రలో లేదు, గోడ మీద వెల్లకిలా పడి ఉంది, సగానికి నీళ్లు. మూత పది అడుగుల అవతల ఆకుల్లో దొరికింది. చింపిన కవరూ దొరికింది. స్టాంపు లేదు, పుస్తకం లేదు. రెండు గంటలు వెతికాను, చేతులతో ఆకులు తోసుకుంటూ, ఒకవేళ పిల్లలు పడేశారేమో అని.

ముందే చెప్తున్నాను, నేను ఎవరినీ దొంగ అనడం లేదు. ఆ పిల్లలకి అదేంటో ఎలా తెలుస్తుంది? పెద్దవాళ్లకి మాత్రం ఎలా తెలుస్తుంది? మూత మీద నేను చీటీ అంటించాను, ఇది చెత్త కాదు, ఆటలో భాగం, చూసి మళ్లీ ఇక్కడే పెట్టేయండి అని. ఎండకీ వానకీ ఆ అక్షరాలు వెలిసిపోయాయి, దాన్ని మార్చకుండా వదిలేయడం నా పొరపాటు. అందుకే అసలు అదేమిటో, ఎందుకంత బాధపడ్డానో మొదటి నుంచీ చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

దీన్ని లెటర్‌బాక్సింగ్ అంటారు. పేరులో లెటర్‌బాక్స్ ఉన్నా ఇది మన ఎర్ర పోస్టు డబ్బా లాంటిది కాదు. ఎవరో ఒకరు ఒక చిన్న డబ్బాలో చేత్తో చెక్కిన స్టాంపు, ఒక ఖాళీ పుస్తకం పెట్టి ట్రెయిల్ పక్కన ఎక్కడో దాస్తారు. దాన్ని చేరుకోవడానికి ఒక క్లూ రాసి నలుగురికీ అందేలా పెడతారు. ఆ క్లూ చదువుకుంటూ వెళ్లి వెతికి పట్టుకున్నవాళ్లు డబ్బాలోని స్టాంపుని తమ సొంత పుస్తకంలో అద్దుకుంటారు, తమ సొంత స్టాంపుని డబ్బాలోని పుస్తకంలో వేసి తేదీ రాస్తారు, ఆ తర్వాత అంతా ఉన్నది ఉన్నట్టు మూసి, ఎక్కడుందో అక్కడే మళ్లీ దాచేసి వచ్చేస్తారు. ఇంతే ఆట. బహుమతి లేదు, ఎవరూ గెలవరు, డబ్బాలోంచి ఎవరూ ఏదీ తీసుకెళ్లరు. నా పుస్తకంలో నీ గుర్తు, నీ పుస్తకంలో నా గుర్తు, మనిద్దరం ఎప్పటికీ ఒకరినొకరం చూసుకోకపోయినా సరే.

ఇది నిన్నా మొన్నా పుట్టింది కాదు. ఇంగ్లాండ్‌కి నైరుతి మూల డెవన్ అనే చోట డార్ట్‌మూర్ అని పెద్ద బీడు ఉంది, చెట్లు పెద్దగా లేని, బురద నేలల, కొండరాళ్ల ప్రాంతం. 1854లో జేమ్స్ పెరట్ అనే గైడు, చాగ్‌ఫర్డ్ ఊరివాడు, ఆ బీడు లోపల మారుమూల క్రాన్‌మియర్ పూల్ అనే చోట ఒక సీసా పెట్టాడు. అప్పట్లో అక్కడిదాకా నడవడమే పెద్ద సాహసం, అంత కష్టపడి వచ్చినవాళ్లు మేమూ వచ్చాం అని తమ విజిటింగ్ కార్డు ఆ సీసాలో వేసి వెళ్లేవాళ్లు. తర్వాత్తర్వాత కొంతమంది తమ అడ్రస్ తామే రాసుకున్న కార్డులు పెట్టడం మొదలుపెట్టారు. ఆ తర్వాత వచ్చినవాడు ఆ కార్డు తీసుకెళ్లి తన ఊళ్లో పోస్టులో వేయాలి. ముక్కూ మొహం తెలియనివాడు, నా కార్డు వానలో తడవకుండా కొండ దింపి, పోస్టాఫీసుకెళ్లి, డబ్బాలో వేస్తాడు అన్న నమ్మకం చూడండి. లెటర్‌బాక్స్ అన్న పేరు అలా వచ్చిందే. ఇప్పుడు డార్ట్‌మూర్‌లో ఇలాంటి డబ్బాలు వేలల్లో ఉన్నాయి, 100 కనిపెట్టినవాళ్లకి ప్రత్యేకంగా ఒక క్లబ్బే ఉంది.

అమెరికాలో ఇది ఊపందుకుంది మాత్రం 1998 తర్వాత. ఆ ఏడాది ఏప్రిల్‌లో స్మిత్‌సోనియన్ పత్రికలో డార్ట్‌మూర్ డబ్బాల మీద ఒక వ్యాసం వస్తే, అది చదివిన ఇక్కడి వాళ్లు కొంతమంది తమ అడవుల్లో పెట్టడం మొదలుపెట్టారు. మన కనెక్టికట్ మొదటి నుంచీ ఇందులో ముందే ఉంది. రాష్ట్ర అటవీ శాఖ వాళ్లే తమ స్టేట్ ఫారెస్టుల్లో డబ్బాలు పెట్టించారు, వాటిలో ఐదు కనిపెట్టి స్టాంపులు చూపించినవాళ్లకి చేత్తో చేసిన నడక కర్ర ఇచ్చే పద్ధతి కూడా పెట్టారు. మా ఇంట్లో తలుపు వెనకాల ఉన్న కర్ర అదే. మా ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ ఎక్కడ కొన్నారని అడుగుతారు, అది కొంటే దొరికేది కాదు.

ఇది జీపీఎస్ పట్టుకుని వెతికే జియోక్యాచింగేగా అని మీలో కొందరికి అనిపించొచ్చు. అది వేరు. 2000 మే నెల మొదట్లో అమెరికా ప్రభుత్వం మామూలు జనం వాడే జీపీఎస్ సిగ్నల్‌ని కావాలని చెడగొట్టడం ఆపేసింది, ఆ మర్నాడే ఆరెగాన్‌లో ఒకాయన బకెట్ దాచి ఆ చోటు జీపీఎస్ అంకెలు అందరికీ చెప్పాడు, అది అలా మొదలైంది. అందులో ఫోన్ దారి చూపిస్తుంది. దీనిలో దారి చూపించేది మాటలు.

ఆ మాటల గురించి చెప్పాలి, ఎందుకంటే నన్ను పట్టేసింది అవే. మా నాయనమ్మ రాత్రిపూట మంచం మీద పడుకోబెట్టుకుని పొడుపు కథలు వేసేది. కిటకిట తలుపులు కిటారి తలుపులు ఎప్పుడు తీసినా చప్పుడు కావు, ఏంటో చెప్పు అని. చెప్పలేక కళ్లార్పుతూ ఉండేవాళ్లం, జవాబు ఆ కళ్లార్పడంలోనే ఉందని తెలియకుండా. మంచి క్లూ అచ్చం అలాగే ఉంటుంది. 2016లో నేను మొదటిసారి వెతికిన డబ్బా క్లూలో, ముసలివాడు పొట్ట మీద చేతులు పెట్టుకుని కూర్చున్న చోట కుడివైపు తిరుగు అని ఉంది. మూడుసార్లు ఆ ట్రెయిల్ మీద అటూ ఇటూ నడిచాను. ఎక్కడా బెంచీ లేదు, విగ్రహం లేదు. నాలుగోసారి ఊరికే తలెత్తితే, ఒక బీచ్ చెట్టు కాండం మీద పెద్ద బుడిపె, దాన్ని కౌగలించుకున్నట్టు రెండు కొమ్మలు. అప్పటిదాకా ఆ చెట్టు పక్కనుంచి నేను ఆరుసార్లు వెళ్లాను! చూడలేదు. నాకు చెట్లంటే అప్పటిదాకా ఆకుపచ్చగా ఉండే ఒక గుంపు, అంతే. ఇప్పుడు ఆ అడవిలో ఏది ఓక్, ఏది హెమ్లాక్, ఏది బిర్చ్ అన్నది కళ్లు మూసుకుని బెరడు తడిమి చెప్పగలను, అంతా ఈ డబ్బాలు నేర్పిందే.

ఆ రాళ్ల గోడలు కూడా అంతే. అడవి మధ్యలో, చుట్టూ ఇల్లన్నది లేకుండా, మోకాలెత్తు గోడలు అలా కొండ మీదికి ఎందుకు పోతున్నాయో ఎప్పుడైనా ఆలోచించారా? ఒకప్పుడు అవన్నీ పొలాలు. ఇక్కడి రైతులు దున్నినప్పుడల్లా పైకి తేలే రాళ్లని ఏరి గట్ల మీద పేర్చారు. 19వ శతాబ్దంలో చాలామంది ఆ పొలాలు వదిలేసి మంచి నేలల కోసం పడమటికీ, పనుల కోసం మిల్లు ఊళ్లకీ వెళ్లిపోయారు, పొలాల్లో మళ్లీ అడవి లేచింది, గోడలు మిగిలాయి. ఒక క్లూలో, ఆవు రాకుండా కట్టిన చోట ఇప్పుడు జింక దాటుతుంది, అక్కడ ఆగు అని ఉంటే ఇది తెలిసింది నాకు. అందుకే ఆ గోడల రాళ్లు కదపకూడదన్నది మాలో గట్టి నియమం. డబ్బా దాచడానికైనా సరే, వెతకడానికైనా సరే.

ఇక నా డబ్బా సంగతి.

మాది పెడన. మచిలీపట్నం పక్కన, కలంకారీ అద్దకాలకి పేరున్న ఊరు. మా నాన్నగారు అచ్చులు చెక్కేవారు. టేకు దిమ్మ మీద పువ్వులూ తీగలూ నెమళ్లూ చెక్కితే, వాటిని రంగులో ముంచి బట్ట మీద అద్దుతారు, మీ ఇళ్లలో ఉన్న కలంకారీ దుప్పట్లలో ఏదో ఒకటి మా నాన్న చెక్కిన అచ్చు మీద అద్దిందే అయ్యుండొచ్చు. 2019లో అమ్మా నాన్నా ఆరు నెలలు మా దగ్గరికి వచ్చారు. అందరి అమ్మానాన్నల్లాగే రెండో వారానికే నాన్నకి ఇక్కడ ఊపిరాడలేదు. బయటికెళ్తే నడవడానికి మనిషి లేడు, ఇంట్లో ఉంటే చేయడానికి పని లేదు. ఒక రోజు నేను నా స్టాంపు చెక్కుకుంటుంటే వచ్చి పక్కన కూర్చున్నారు. మేము మామూలుగా వాడేది మెత్తటి గులాబీ రంగు రబ్బరు పలక, కట్టర్‌తో ఇట్టే తెగుతుంది. కాసేపు చూసి, ఇదేం చెక్కడమే, వెన్న కోసినట్టుంది అన్నారు. అక్షరాలు చెక్కేటప్పుడు తిరగేసి చెక్కాలి కదా, నేను మా ఊరి పేరు చెక్కుతూ "డ" ని మామూలుగా చెక్కేశాను, అద్ది చూస్తే అటు తిరిగిపోయి వచ్చింది. నాన్న నవ్వలేదు. నా చేతిలోంచి కట్టర్ తీసుకుని, కాగితం మీద రాయి, కాగితం తిరగేసి వెలుతురుకి పెట్టి వెనక నుంచి గియ్యి, అప్పుడు చెక్కు, చేయి కాదు పలక తిప్పాలి అని చూపించారు. చిన్నప్పుడు ఒక్కసారి కూడా నాకు ఉలి ఇవ్వని మనిషి.

ఆ తర్వాత ఆయనే అడిగారు, నీ డబ్బాకి నేను ఒకటి చెయ్యనా అని. హోమ్ డిపోలో చెక్క ముక్కలన్నీ గోరుతో గీకి గీకి చూసి ఒకటి ఎంచుకున్నారు. తనతో తెచ్చుకున్న రెండు చిన్న ఉలులతో పదకొండు రోజులు చెక్కారు. మామిడి పిందె, దాని లోపల ఇంకో చిన్న పిందె, చుట్టూ చుక్కలు, అగ్గిపెట్టెకన్నా కొంచెం పెద్దదంతే. ఆ చుక్కలు 48. ఆయనకి లెక్క తెలుసు, నేను లెక్కపెట్టాను. జూన్‌లో అందరం కలిసి వెళ్లి ఆ ఓక్ తొర్రలో పెట్టాం. పుస్తకంలో మొదటి పేజీలో నాన్న తన బొటనవేలు ఇంకులో అద్ది వేశారు. సంతకం వచ్చు ఆయనకి, బాగా చదువుకున్నారు కూడా. సొంత స్టాంపు లేనివాళ్లు వేలిముద్ర వేయడం ఈ ఆటలో మామూలే అని నేను చెప్తే, అయితే నాదీ అదే అన్నారు.

ఆరేళ్లలో ఆ పుస్తకంలో 61 మంది గుర్తులు పడ్డాయి. ఆగస్టులో చూసినప్పుడు లెక్క అది. ఒక తాబేలు స్టాంపు మూడుసార్లు ఉంది, ఏటా ఒకసారి వచ్చే ఒక పెద్ద వయసు జంటది, మూడోసారి తాబేలు ఒక్కటే ఉంది, పక్కన ఉండే కుందేలు లేదు, కింద "ఈసారి నేనొక్కడినే" అని చిన్న అక్షరాలు. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఇదే నా మొదటి కొండ అని ఒకామె రాసింది. ఒక చిన్నపిల్ల స్టాంపు తేవడం మర్చిపోయి ఆకుకి ఇంకు పూసి అద్దింది, ఈనెలతో సహా ఎంత బాగా పడిందో. కరోనా ఏడాదిలోనే 19 గుర్తులు. అప్పుడు మనుషులు ఎక్కడికీ పోలేక అడవికి వచ్చారు, ఎదురుపడితే పక్కకి తప్పుకునేవాళ్లు, కానీ ఆ పుస్తకంలో మాత్రం పక్కపక్కనే ఉన్నారు. నేను ప్రతి ఆరు నెలలకీ వెళ్లి పేజీలు ఫోటో తీసి నాన్నకి వాట్సాప్‌లో పంపేదాన్ని. ఎవరమ్మా ఈ తాబేలు అని అడిగేవారు. తెలియదు నాన్నా అంటే, తెలియకపోవడమే బాగుందిలే అనేవారు.

ఫోటోలు ఉన్నాయి కదా అంటారేమో. ఉన్నాయి. కానీ ఆ స్టాంపు మళ్లీ రాదు. ఇప్పుడు నాన్నకి చేయి వణుకుతుంది, ఉలి పట్టుకోలేరు. అక్టోబర్ నుంచి ఆయన రెండుసార్లు అడిగారు, కొత్త గుర్తులేమైనా పడ్డాయా అని. చలిగా ఉంది నాన్నా, మంచు కరిగాక వెళ్తాను అని చెప్పాను. ఆయనతో అబద్ధం ఆడటం నాకు చాలా కష్టంగా ఉంది.

కాబట్టి మొదటి విన్నపం ఇది. ఆ రోజు వచ్చినవాళ్లలో ఎవరి ఇంట్లోనైనా, కారు సీటు కిందో, పిల్లల బొమ్మల డబ్బాలోనో, డిక్కీలో ఉన్న పిక్నిక్ సంచిలోనో, అగ్గిపెట్టెంత చెక్క ముక్క గానీ, గోధుమ రంగు అట్ట ఉన్న చిన్న పుస్తకం గానీ ఉందేమో ఒక్కసారి వెతకండి. పిల్లల్ని తిట్టకుండా అడగండి, దయచేసి. దొరికితే నాకు ఫోన్ చేయక్కర్లేదు, పేరు చెప్పక్కర్లేదు. గుడిలో చెప్పుల స్టాండు పక్కన పోయిన వస్తువుల అట్టపెట్టె ఉంటుంది చూడండి, ఒక కవర్లో పెట్టి అందులో వేయండి. నేను ప్రతి ఆదివారం చూస్తున్నాను. పుస్తకం తడిసినా పర్లేదు, పేజీలు చిరిగినా పర్లేదు, పిల్లలు బొమ్మలు గీసినా పర్లేదు. చెక్క మాత్రం నీళ్లలో ఉంటే ఉబ్బిపోతుంది, ఎక్కడైనా తడిగా ఉంటే నీడలో ఆరబెట్టండి, ఎండలో పెడితే పగులుతుంది.

రెండోది, ఆ రీల్ తీసేయండి. తీసినవాళ్ల మీద నాకు కోపం లేదు, సరదాగా తీశారు. కానీ ఆ వీడియో వచ్చిన రెండు వారాల్లో ఆ చెట్టు చుట్టూ నేల ఎలా అయిందో వెళ్లి చూడండి. ఇంకా ఏమైనా ఉన్నాయేమో అని ఎవరో గోడలో రాళ్లు లాగారు, ఒకచోట మూడు అడుగుల మేర కూలిపోయింది. అదే ట్రెయిల్ మీద వేరేవాళ్లు పెట్టిన ఇంకో డబ్బా కూడా మాయమైంది. ఆ పెట్టినాయన ఎవరో నాకు తెలియదు, పదిహేనేళ్లుగా ఉన్న డబ్బా అది. చోటు బయటపడ్డ డబ్బా ఎక్కువ కాలం బతకదు. ఈ ఆటలో ఉన్నవాళ్లు స్టాంపు ఫోటో కూడా బయట పెట్టరు, తర్వాత వచ్చేవాడు మూత తీసినప్పుడు మొదటిసారి చూడాలని. అందుకే డబ్బా దగ్గర మనుషులు కనపడితే అక్కడ ఆగకుండా ముందుకెళ్లిపోయి, షూ లేసు కట్టుకుంటూనో నీళ్లు తాగుతూనో వాళ్లు వెళ్లేదాకా ఆగుతాం. నేనైతే ఒకసారి నలభై నిమిషాలు ఆగాను.

ఇకముందు ఎప్పుడైనా మీకు ఇలాంటిది కనపడితే, వెతక్కుండా అనుకోకుండా కనపడినా సరే, తెరవండి, చూడండి, పిల్లలకి చూపించండి, పుస్తకంలో వేలిముద్ర వేయండి, తేదీ రాయండి, ఎవరూ కాదనరు, పైగా పెట్టినవాళ్లు సంతోషిస్తారు. తర్వాత కవర్లలో గాలి తీసి మూసి, మూత నాలుగు వైపులా టక్‌మనేదాకా నొక్కి, ఏ వైపు తిరిగి ఉందో అదే వైపు పెట్టి, పైన ఉన్న బెరడో రాయో యథాతథంగా కప్పేయండి. రెండు నిమిషాల పని.

సొంతంగా డబ్బా పెట్టాలనుకునేవాళ్లకి మాత్రం ఒక మాట. నేషనల్ పార్కుల్లో అనుమతి లేకుండా ఇలా వస్తువులు వదిలి రావడం కుదరదు, 24 గంటలకి మించి వదిలేస్తే రూల్‌కి విరుద్ధం. మిగతాచోట్ల కూడా ఆ స్థలం ఎవరిదో వాళ్లని అడిగే పెట్టాలి. ఊళ్లో వంతెనల కిందా బడుల పక్కనా అసలు వద్దు, అనుమానాస్పద పెట్టె అని ఎవరైనా పోలీసులకి ఫోన్ చేస్తే అందరికీ టెన్షన్. నేను పెట్టే ముందు అడిగాను, ఒప్పుకున్నారు. తొర్రలో చేయి పెట్టేముందు కర్రతో కదిపి చూడాలి, మన రాష్ట్రంలో కాపర్‌హెడ్ పాములూ ఉన్నాయి, ర్యాటిల్ పాములూ ఉన్నాయి. మూడేసి ఆకులు మెరుస్తూ ఉండే పాయిజన్ ఐవీ తీగని పిల్లలకి ముందే చూపించండి. అన్నిటికన్నా ముఖ్యం టిక్స్, ఒంటికి పట్టి రక్తం పీల్చే ఆ చిన్న పురుగుల వల్లే లైమ్ జబ్బు వస్తుంది. లైమ్ జబ్బుకి ఆ పేరు మన కనెక్టికట్‌లోని లైమ్ అనే ఊరి నుంచే వచ్చింది, 1970ల్లో అక్కడి పిల్లలకి వరసగా కీళ్ల వాపులు వస్తుంటే అనుమానించి కనిపెట్టిన జబ్బు అది. ఇంటికి రాగానే చెవుల వెనక, మోకాళ్ల వెనక, జుట్టు మొదళ్లలో చూడాలి. మా ఇంట్లో స్నానం అయ్యాక తల దువ్వే పని మా ఆయనది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, డబ్బాలు పోవడం నాకు కొత్త కాదు. 2018 మేలో వచ్చిన టోర్నడోకి హామ్‌డెన్ దగ్గర స్లీపింగ్ జెయింట్ పార్కులో చెట్లు కుప్పలుగా కూలిపోయి పార్కుని ఏడాదికి పైగా మూసేశారు. మళ్లీ తెరిచాక నేను వెతకాలనుకున్న డబ్బా కోసం వెళ్తే క్లూలో చెప్పిన చెట్టే లేదు, అక్కడ ఆకాశం కనపడుతోంది. చాలాసేపు అలా నిలబడ్డాను, కానీ ఆ రోజు బాధ వేరు. గాలి తీసుకెళ్తే ఎవరిని అడుగుతాం? ఇది మనవాళ్ల చేతుల్లో పోయింది, మనవాళ్లని అడగొచ్చు కాబట్టే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

నిజం చెప్పాలంటే, ఈ తొమ్మిదేళ్లలో 212 డబ్బాలు చూశాను, ఆ పుస్తకాల్లో మన తెలుగు అక్షరం ఒక్కటి కూడా కనపడలేదు. టాల్కాట్ మౌంటెన్ మీద హ్యూబ్లైన్ టవర్ దగ్గర ఏ ఆదివారం చూసినా మన మాటలు వినపడతాయి, చీరల్లో అమ్మలూ అత్తగార్లూ మెట్ల దగ్గర ఆయాసం తీర్చుకుంటూ కనపడతారు. ఇంతమందిమి నడుస్తున్నాం. ఈ రాష్ట్రంలో చెట్ల మీద దారి చూపిస్తూ నీలం రంగు గుర్తులు వేసిన ట్రెయిల్సే 825 మైళ్లకి పైగా ఉన్నాయి, 1895లో పుట్టిన ఒక సంఘం వాళ్లు వాలంటీర్లతో కలిసి వాటిని చూసుకుంటున్నారు. ఆ దారుల పక్కన మన గుర్తులు కూడా ఉండాలని నాకు గట్టిగా ఉంది. మనకి ముగ్గులు వచ్చు, పొడుపు కథలు వచ్చు, ఇండియా నుంచి వచ్చి ఏమీ తోచక కూర్చున్న పెద్దవాళ్లు మన ఇళ్లలో ఉన్నారు. ఆ రీల్‌లో స్టాంపు పట్టుకున్న బాబు, వాడి మొహం నేను చాలాసార్లు చూశాను. దాన్ని తిప్పి తిప్పి చూస్తున్నాడు, ఇంకు వేసేముందు వేలితో ఆ చుక్కలు తడిమాడు. వాళ్ల అమ్మానాన్నా ఇది చదివితే, వాడిని నా దగ్గరికి తీసుకురండి. కట్టర్ పట్టుకోవడం నేర్పిస్తాను.

వచ్చే నెల రెండో శనివారం మధ్యాహ్నం రెండు గంటలకి మన టౌన్ లైబ్రరీ కింది గదిలో ఉంటాను. రబ్బరు పలకలు, కట్టర్లు, ఇంకు నేనే తెస్తాను. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలయితే మంచిది, పెద్దవాళ్లు పక్కనే కూర్చోవాలి. మామ్మలూ తాతయ్యలూ తప్పకుండా రావాలి. ఎవరి స్టాంపు వాళ్లు చెక్కుకుని వెళ్లొచ్చు.

అదే అడవిలో అనుమతి తీసుకుని ఇంకో డబ్బా పెట్టాను, ఈసారి రబ్బరు స్టాంపుతో. నాన్న చెక్కింది దొరికితే అందులోకి అదే వెళ్తుంది. పుస్తకం మొదటి పేజీ ఖాళీగా వదిలాను. దీని క్లూ వేరే ఎక్కడా పెట్టలేదు, తెలుగులో మాత్రమే రాశాను, ఇదిగో:

బండి ఆపిన చోట నుంచి నీలం గుర్తుల వెంట రా. రెండు వాగులు దాటు. ఒకదాని మీద ఒకటి రెండు గుర్తులు కనపడితే పైది ఎటు జరిగి ఉందో అటు తిరుగు. తలుపు లేదు, కప్పు లేదు, గడప మాత్రం ఉంది, ఆ ఇంట్లోకి పిలవకపోయినా వెళ్లు. పొద్దు పొడిచే వైపు మొహం పెట్టి నిలబడి, మీ ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ల అడుగులతో ముప్పై లెక్కపెట్టు. ఒకే వేరు మీద ఇద్దరన్నదమ్ములు నిలబడి ఉంటారు, ఒకడికి పిడుగు తగిలింది. బాగున్నవాడి కాళ్ల దగ్గర, వెనకవైపు, చదును రాయి కింద.